శ్రామిక మాతల పక్షమున నిలిచిన నారాయణ మల్హర్ జోషి

బొంబాయి నగరమున బట్టల మిల్లులలోని రీలింగు, వైండింగు ఖాతాలయందు వేలాది స్త్రీలు పనిచేయుచుండిన కాలమది. గర్భవతియైన స్త్రీ నెలలు నిండువరకును మిల్లునకు పోవుచునే యుండెను. పోనినాడు కూలి లేదు. ప్రసవించి, కొంచెము తేరుకొని వచ్చుసరికి ఆమె స్థానమున వేరొకతె కూర్చుండి యుండెడిది. ఖాతాపై పెత్తనముచేయు నాయికిన్‌ను మంచి చేసికొనినగాని తిరిగి పని దొరకుట కష్టము. పసిబిడ్డలకు నల్లమందు పెట్టి నిద్రబుచ్చి తల్లులు పనిలోనికి పోవుట ఆ పేటలలో సర్వసాధారణముగ నుండెను. ఈ దురవస్థను తొలగింపవలెనని కేంద్ర శాసనసభలో మొట్టమొదట బిల్లు ప్రతిపాదించినవారు నారాయణ మల్హర్ జోషిగారు.

జోషిగారు 1879 జూన్ 5వ తేదీన కొలాబా జిల్లాలోని గోరేగాం గ్రామమున జన్మించిరి. పూనాలో విద్య ముగించి, యెనిమిది సంవత్సరములపాటు ఉపాధ్యాయ వృత్తిలో నుండిరి. 1909లో గోఖలేగారు స్థాపించిన భారత సేవక సమాజమున చేరిరి. ఆ సమాజ సభ్యులకు లభించు స్వల్ప భృతితో జీవించుటకు సిద్ధపడినవారికి గాని అందు స్థానము లేదు. 1911లో ఆయన బొంబాయిలో సోషల్ సర్వీసు లీగును నెలకొల్పి, మిల్లు కార్మికులకు రాత్రి పాఠశాలలు, గ్రంథాలయములు, వైద్యశాలలు ఏర్పరచిరి. కార్మికుల బ్రతుకు ఆయనకు పుస్తకములలో గాక, ఈ పాఠశాలల బల్లలమీదనే పరిచయమయ్యెను.

1919లో వాషింగ్టను నగరమున ప్రథమ అంతర్జాతీయ కార్మిక మహాసభ జరిగెను. భారత కార్మికుల ప్రతినిధిగా జోషిగారును, ఆయనకు సలహాదారుగా మదరాసు కార్మిక సంఘ నాయకులగు బి. పి. వాడియాగారును వెళ్లిరి. ప్రసవానంతరము ఆరు వారములు స్త్రీచే పనిచేయింపరాదనియు, ఆ కాలమున ఆమెకును బిడ్డకును చాలినంత భృతి యొసగవలెననియు, ఆమె లేని సమయమున పనినుండి తొలగించు నోటీసు ఇచ్చుట చెల్లదనియు ఆ సభ ఒడంబడిక గావించెను. భారతదేశ విషయమున మాత్రము, ప్రభుత్వము పరిస్థితులను విచారించి నివేదించిన చాలునని తీర్మానించిరి. ఆచరణలో ఈ విచారణ మాట వాయిదా వేయుటకే ఉపకరించెను.

1921లో కార్మికుల పక్షమున కేంద్ర శాసనసభకు నియమితులైన జోషిగారు 1924లో ప్రసూతి భృతి బిల్లును ప్రవేశపెట్టిరి. ఫ్యాక్టరీలు, గనులు, అస్సాం తేయాకు తోటలు దాని పరిధిలోనివి. దానికి వచ్చిన ఆక్షేపణలు నేటికిని చదువదగినవి. స్త్రీలు ఒక మిల్లునుండి మరియొక మిల్లునకు మారుచుందురు గనుక లెక్కలుంచుట సాధ్యము కాదనిరి. పరీక్షించుటకు లేడీ డాక్టర్లు లేరనిరి. మన స్త్రీలు ఆచారము ననుసరించి ఎట్లును విశ్రాంతి తీసికొందురనిరి. ఇట్టి భారము మోపినచో యజమానులు స్త్రీలను పనిలోనికే తీసికొనరని కూడ అనిరి. మొదటి మూడును పాలనా సౌకర్యములకు సంబంధించినవి. డాక్టర్లను నియమింపవచ్చును, రిజిస్టర్లు వ్రాయవచ్చును. చివరిది అట్టిది కాదు. గర్భము ధరించుటయే స్త్రీ తప్పిదమనియు, దాని నష్టము ఆమెయే భరింపవలెననియు అందు గర్భితముగ నున్నది. 1925లో సభ బిల్లును త్రోసిపుచ్చెను.

జోషిగారు ఓటమిని మనస్సున పెట్టుకొని కూర్చుండు స్వభావము గలవారు కారు. మదరాసు బకింగుహాం కర్నాటకు మిల్లుల తగవులో వాడియాగారిపై హైకోర్టు నిషేధపు ఉత్తరువు వెలువడిన పిదప, కార్మిక సంఘములకు చట్టరక్షణ కావలెనని 1921లోనే ఆయన తీర్మానము తెచ్చిరి. అది 1926లో చట్టమయ్యెను. ప్రసూతి విషయమును కూడ అట్లే వదలలేదు. కేంద్రమున ఓడిన ఊహ రాష్ట్రములలో మొలకెత్తెను. బొంబాయి శాసనమండలిలో 1928లో వచ్చిన బిల్లును డాక్టరు అంబేద్కరుగారు గట్టిగ బలపరచిరి. 1929లో అది దేశమున మొదటి ప్రసూతి భృతి చట్టమయ్యెను. జోషిగారు సభ్యులుగానున్న రాయల్ కార్మిక కమిషను 1931లో ఇట్టి చట్టము దేశమంతట ఉండవలెనని సిఫార్సు చేసెను. మదరాసు చట్టము 1934లో వచ్చెను. ఏలూరు, నెల్లిమర్ల, చిట్టివలస జనుపనార మిల్లులు ఆనాడు ఆ రాష్ట్రములోనివే.

చట్టము వచ్చిన వెంటనే దానిని తప్పించుకొను త్రోవలును వచ్చెను. సెలవులోనున్న స్త్రీని తొలగింపరాదని చట్టము చెప్పినందున, గర్భచిహ్నములు కనబడగనే, సెలవు కోరకముందే తొలగించుట మొదలిడిరి. కొన్నిచోట్ల అవివాహితలను, వితంతువులను, ప్రసవ వయస్సు దాటినవారిని మాత్రమే పనిలోనికి తీసికొనిరి. 1944లో నియమితమైన రేగే సంఘము ఈ సంగతులను నమోదు చేసెను. తొలగింపు కాగితముపై గర్భము అను మాట ఎవరును వ్రాయరు; పని తగ్గినదనియో, హాజరు చాలదనియో వ్రాయుదురు. మస్టరు రోలు తెరచి, ఎవరిని ఏ నెలలో తీసివేసిరో చూచిన గాని గుట్టు బయటపడదు. ఇట్టి లెక్కలు తీయుటకు యూనియను కావలెను. ఒంటరి స్త్రీవలన అగు పని కాదు. సంఘనిర్మాణము, చట్టనిర్మాణము రెండును వేరు కావని జోషిగారు జీవితమంతయు వాదించుటకు ఇదియే హేతువు.

సంఘములలో ఆయనకు సుఖము కొరవడెను. 1920లో వెలసిన అఖిల భారత ట్రేడ్ యూనియను కాంగ్రెసునకు 1925 మొదలు 1929 వరకు ప్రధాన కార్యదర్శిగ నుండి, నాగపురమున చీలిక ఏర్పడినపుడు వెలుపలికి వచ్చిరి. రైల్వే కార్మిక నాయకులగు వి. వి. గిరిగారును ఆయనతో నడచిరి. చీలిన వర్గములు కలిసిన పిదప 1940 మొదలు 1948 వరకు మరల ఆ పదవినే నిర్వహించిరి. ఎడమవారికి మెత్తనివాడుగను, యజమానులకు మొండివాడుగను కనిపించిన ఆయన, ఈ రెండు నిందలను సమానముగనే సహించిరి. మొదటి కేంద్ర వేతన సంఘమునను ఆయన సభ్యులు. కేంద్రోద్యోగుల కుటుంబములకు ఈ పేరు ఆ విధముగను పరాయిది కాదు.

1955 మే 30వ తేదీన జోషిగారు కన్నుమూసిరి. అప్పటికి ప్రసూతి చట్టములు రాష్ట్రమునకొక తీరున నుండెను. ఆరు సంవత్సరములకు, 1961లో, పార్లమెంటు దేశమంతటికి ఒకే చట్టము చేసెను. గర్భకాలమున పనినుండి తొలగించినను స్త్రీకి రావలసిన భృతి పోదని అందు స్పష్టముగ చేర్చిరి. లెక్కలుంచుట సాధ్యము కాదన్న పాత ఆక్షేపణ మాత్రము త్వరగా చావలేదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై దినకూలికి పనిచేయు స్త్రీలకును ప్రసూతి భృతి చెల్లవలసినదేయని సుప్రీంకోర్టు 2000 సంవత్సరమున తీర్పు చెప్పెను. జోషిగారి బిల్లు ఓడిపోయి అప్పటికి డెబ్బదియైదు సంవత్సరములు.