భక్త రామదాసు - ఉద్యోగ ధర్మము

గోదావరీ తీరమునందలి ధర్మపురీ క్షేత్రమును దర్శించు యాత్రికులు శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించి, ఆ ఆలయ ప్రాంగణముననే వెలసియున్న యమధర్మరాజు సన్నిధికిని వెళ్లి నమస్కరించుదురు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి బాధ లేదని పెద్దల నమ్మకము. యమధర్మరాజు అనగానే చిత్రగుప్తుని చిట్టా మనకు జ్ఞాపకము వచ్చును. ఎవరెంత తీసికొనిరో, ఎవరెంత ఇచ్చిరో, ఏ మంచిపని ఎవరి సొమ్ముతో జరిగినదో అంతయు అందు వ్రాయబడియుండునట. ఈ లోకములో కూడ అట్టి చిట్టా చేతబట్టి బ్రదుకు వెళ్లదీయువారు గలరు. ప్రజలనుండి శిస్తు వసూలుచేసి, పైవారికి లెక్క చెప్పు ఉద్యోగులే వారు. అట్టి ఉద్యోగులలో నుండి మనకొక పరమభాగవతుడు లభించెను. ధర్మపురి పాదములు కడిగిన గోదావరియే దిగువకు ప్రవహించి చేరు భద్రాచలమున శ్రీరామునకు కోవెల కట్టించిన కంచర్ల గోపన్నయే ఆ మహనీయుడు.

ఆయనను మనము భక్త రామదాసు అని పిలుచుకొందుము. ధర్మపురి శేషప్పకవి నరసింహ శతకమువలెనే గోపన్న దాశరథీ శతకము కూడ తరతరములుగా తెలుగు బాలుర నోట పలుకుచు వచ్చినది. ఆయన కీర్తనలు భజన మందిరములలో నేటికిని మారుమ్రోగుచున్నవి. అయినను వృత్తిచేత ఆయన గాయకుడు కాడు, అర్చకుడు కాడు, తహసీల్దారు. ఈ సంగతిని మనము తరచు మరచిపోవుదుము. ఆ ఉద్యోగమును తొలగించి చూచినచో ఆలయము లేదు, కారాగారము లేదు, ఆ కారాగారములో పుట్టిన కీర్తనలును లేవు.

గోపన్న 17వ శతాబ్దిలో, నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించెను. వారిది నియోగి కుటుంబము. లెక్కలు వ్రాయుట, గ్రామ కరణీకము చేయుట, ప్రభువుల కొలువులో మంత్రులుగా నుండుట ఆ వంశములవారికి పరిపాటి. గోలకొండను 1672 మొదలు 1687 వరకు పాలించిన అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో ప్రాబల్యము వహించిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. ఆ నవాబునే ప్రజలు తానీషా అని పిలిచిరి.

ఇట్టి బంధుత్వము గలవానికి కొలువు దొరకుటలో వింత లేదు. కాని గోపన్న మొదట ఉద్యోగమును కోరలేదని సంప్రదాయము చెప్పుచున్నది. తండ్రి ఇచ్చిన ఆస్తితో ఆయన రామభక్తులకు నిత్యము అన్నసంతర్పణ చేయుచుండెనట. వచ్చినవానికి లేదనకుండ వడ్డించిన ఇంట కొంతకాలమునకు ధాన్యపు గాదె అడుగంటెను. అప్పుడాయన మేనమామలను ఆశ్రయించగా, వారి సిఫారసుపై పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియమితుడయ్యెను. అనగా కులవిద్య, బంధుబలము, జీవనావసరము అను మూడును ఆయనను కొలువులోనికి తెచ్చినవి. నేడును ప్రభుత్వోద్యోగమును కోరువారిలో అధికులు ఈ కారణములచేతనే కోరుచున్నారు. అందు తప్పేమియు లేదు. ఉద్యోగి ఏ కారణముచే కొలువులో ప్రవేశించినను, కొలువు ఎందులకున్నదో ప్రజలే ఒకనాడు అతనికి నేర్పుదురు. గోపన్నకు ఆ పాఠము చెప్పినది చదువెరుగని ఒక ముదుసలి.

తహసీల్దారు పని సులభమైనది కాదు. గ్రామగ్రామమునకు పోయి శిస్తు రాబట్టవలెను. కరణముల లెక్కలు సరిచూడవలెను. వానలు లేని యేట రైతు మొర వినవలెను. ఏ యేడెట్లున్నను గోలకొండ ఖజానాకు చేరవలసిన సొమ్ము చేర్చవలెను. పైన ప్రభువు, క్రింద ప్రజ, నడుమ తహసీల్దారు. అట్లు తిరుగుచు గోపన్న భద్రాచలము చెంతనున్న భద్రిరెడ్డిపాలెమునకు వచ్చెను. అక్కడ పోకల దమ్మక్క అను భక్తురాలు కొండపై పుట్టలోనుండి బయల్పడిన సీతారామలక్ష్మణ మూర్తులకు తాటియాకుల పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యముపెట్టి కొలుచుచుండెను. ఎండకు ఎండి, వానకు తడియు ఆ స్వామికొక గుడి కట్టింపుమని ఆమె వేడుకొనెను. ఆమె తన పొలమునకు శిస్తు తగ్గింపుమనలేదు, తన బిడ్డలకు కొలువిమ్మనలేదు. ఊరివారెల్లరు కలసి కొలుచు దైవమునకు నీడ కావలెనని అడిగెను.

గోపన్న పూనుకొనెను. మొదట విరాళములు సేకరించెను. అవి చాలలేదు. ప్రాకారములు లేచినవి, మండపములు వెలసినవి, స్వామికిని అమ్మవారికిని ఆభరణములు సిద్ధమైనవి. గోలకొండకు పోవలసిన శిస్తు సొమ్ము కొండపైనే వ్యయమయ్యెను. ఆ మొత్తము 6 లక్షల మొహరీలని చెప్పుదురు. ప్రభువు అనుమతి మాత్రము ఆయన పొందలేదు. సంగతి తెలిసిన తానీషా ఆయనను పట్టి తెప్పించి గోలకొండ కోటలో బంధించెను. మేనమామలు కొలువులో అంతటివారై యుండియు మేనల్లునికి చెర తప్పలేదు. 12 సంవత్సరముల కారాగారవాసమని సంప్రదాయము. గోలకొండకు పోయినవారు నేటికిని రామదాసు బందీఖానాను, అందు గోడపై చెక్కబడియున్న దేవతామూర్తులను దర్శించి చేతులు జోడించుచున్నారు.

ఇచట భక్తుడైనవాడు ఒక ప్రశ్నను తప్పించుకొనరాదు. గోపన్న చేసినది తగునా? ఆయన ఒక్క కాసు తనకై దాచుకొనలేదు. కాని ఆ సొమ్ము ఆయన సొంతము కూడ కాదు. రైతు చెమటోడ్చి ఇచ్చినది, ప్రభువునకు చెందినది. మంచిపనికై చేసితిననుట మనస్సునకు ఊరటయే గాని ఖజానాకు జమ కాదు. తానీషా రాజధర్మము ప్రకారము అడుగుటలో దోషము లేదు. సామాన్య తహసీల్దారు ఎవడైనను అట్లు చేసినచో మనమును అడుగుదుము.

గోపన్న ఈ సంగతిని ఎరుగనివాడు కాడు. చెరసాలలో ఆయన పాడిన కీర్తనలను శ్రద్ధగా విన్నవారికి ఒక విశేషము గోచరించును. ఒక ప్రసిద్ధ కీర్తనలో ఆయన ప్రాకారమునకు ఎంత, భరతునికి చేయించిన పచ్చల పతకమునకు ఎంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఎంత, లక్ష్మణుని ముత్యాల పతకమునకు ఎంత, సీతమ్మ చింతాకు పతకమునకు ఎంత అని వరుసగా ఖర్చు చెప్పుకొనెను. ఎవరబ్బ సొమ్మని ధరించి తిరుగుచున్నావని రామునే నిలదీసి, దెబ్బలకు తాళలేక తిట్టితినని చివరకు క్షమాపణ వేడుకొనెను. లోకము దానిని నిందాస్తుతి అనుచున్నది. అది నిజమే. అయినను అది ఒక తహసీల్దారు సమర్పించిన జమాఖర్చు కూడ. ప్రభువు అడిగిన లెక్కను ఆయన దైవము ముందుంచెను. మరియొక కీర్తనలో తన మాట రామునికి చెప్పుమని సీతమ్మను ప్రార్థించెను. కొలువులో పెద్దలకు విన్నపములు చేయు తీరెరిగినవాడు గనుక, ఏ వాకిట ఎవరితో చెప్పుకొనవలెనో ఆయనకు బాగుగ తెలియును.

విడుదల కథ మనకందరకు తెలిసినదే. ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషా కడకు వచ్చి, 6 లక్షల మొహరీలు చెల్లించి, చెల్లు చీటీ వ్రాయించుకొని, దానిని నిద్రించుచున్న గోపన్న చెంత ఉంచి అంతర్ధానమైరట. ఈ కథలోని ధర్మసూక్ష్మమును గమనింపవలెను. ప్రహ్లాదునికై స్తంభమును చీల్చుకొని వచ్చిన స్వామికి చెరసాల తలుపులొక లెక్కా? వాటిని బద్దలుకొట్టి భక్తుని తీసికొనిపోవచ్చును. స్వామి అట్లు చేయలేదు. బాకీ యెంతో అంతయు చెల్లించెను. చెల్లించినట్లు రసీదు తీసికొనెను. భక్తి గొప్పదైనంత మాత్రమున ప్రజాధనమునకు చెప్పవలసిన లెక్క రద్దు కాదని భగవంతుడే తీర్పు చెప్పినట్లయినది. ఈ కథను తరతరములుగా చెప్పుకొనిన మన పూర్వులు భక్తునిపై ప్రేమను, ధర్మముపై పట్టుదలను రెండింటిని నిలుపుకొనిరి.

తానీషా పశ్చాత్తప్తుడై గోపన్నను సగౌరవముగా పంపెననియు, శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము నాటినుండి వచ్చినదనియు చెప్పుదురు. నేటికిని ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు భద్రాద్రికి చేరుచున్నవి. ఒకప్పుడు అనుమతి లేక వ్యయమైన రాజద్రవ్యము నేడు రాజలాంఛనముతో కొండనెక్కుచున్నది.

కాలము ఎవరిని ఎట్లు చూచినదో చూడుడు. 1686లో అక్కన్న, మాదన్నలు గోలకొండలో హతులైరి. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకొనగా, గోపన్నను చెరలో ఉంచిన తానీషాయే దౌలతాబాదు కోటలో బందీయై అచటనే తుదిశ్వాస విడిచెను. మంత్రిపదవి నిలువలేదు, సింహాసనము నిలువలేదు. ఒక చిన్న పరగణా ఉద్యోగి కట్టించిన గుడి నిలిచినది. 19వ శతాబ్ది తొలినాళ్లలో తూము నరసింహదాసు, వరద రామదాసు అను భక్తులు ఆ ఆలయమునకు వచ్చి నిత్యకైంకర్యములను, ఉత్సవములను క్రమపరచిరి. కట్టించినవాని తర్వాత నిలుపువారు ఉన్నప్పుడే ధర్మకార్యము వర్ధిల్లును.

నేడు మన ఇండ్లలోని బిడ్డలు ఎందరో రెవిన్యూ శాఖలోను, పంచాయతీలలోను, దేవాలయ నిర్వహణలోను కొలువులు చేయుచున్నారు. జీవనమునకై ప్రవేశించినను తప్పులేదని, దమ్మక్కవంటివారి మొర వినునప్పుడే ఆ కొలువు సార్థకమని, సంకల్పము ఎంత పవిత్రమైనను పరుల సొమ్మును ముట్టుటకు ముందు అనుమతియు, ముట్టిన తర్వాత లెక్కయు ఉండవలెనని గోపన్న జీవితము వారికి బోధించుచున్నది. ఈ మూడవ పాఠమునకు ఆయన 12 ఏండ్ల మూల్యము చెల్లించెను. మనవారికి అంత మూల్యము లేకుండ ఆ పాఠము దక్కునట్లు భద్రాద్రి రాముడు అనుగ్రహించుగాక.