కొండను కొలిచిన పండితుడు అల్ బిరూనీ

అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బిరూనీ హిజ్రీ 362 (క్రీ.శ. 973)లో మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్‌లో జన్మించారు. 1017లో సుల్తాన్ మహమూద్ ఆ రాజ్యాన్ని జయించి, ఆయన్ను గజ్నీకి తీసుకుపోయాడు. స్వస్థలం దూరమైంది గాని, విద్యాన్వేషణ ఆగలేదు.

గజ్నీలో నమాజు చేసేవారు సరిగ్గా ఎటు తిరిగి నిలబడాలి? ఈ ప్రశ్న ఆయన్ను ఆలోచింపజేసింది. ఖిబ్లా దిశ తేలాలంటే గజ్నీ, మక్కాల అక్షాంశ రేఖాంశాలు తెలియాలి. అక్షాంశాన్ని సూర్యుని ఎత్తును బట్టి కనుక్కోవచ్చు. రేఖాంశమే కష్టం. బిడారులు చెప్పే దూరాలున్నాయి. కాని బాటలు వంకరలు తిరుగుతాయి, కొండలెక్కి దిగుతాయి. ఏటవాలుపై నడిచిన దూరం నేలమట్టపు దూరం కంటే ఎప్పుడూ ఎక్కువే. అందుకే ఆయన ఆ దూరాలను తగ్గించి, త్రికోణమితితో లెక్క కట్టారు. 1025లో పూర్తి చేసిన ‘తహ్దీద్’ గ్రంథంలో ఇదంతా వివరించారు.

దూరాన్ని డిగ్రీలలోకి మార్చాలంటే భూమి పరిమాణం కూడా తెలియాలి. ఖలీఫా మామూన్ కాలపు పండితులు ఎడారిలో నడిచి దాన్ని కొలిచారు. అల్ బిరూనీ ఆ ఫలితాన్ని స్వయంగా పరీక్షించదలచారు. అందుకు పంజాబులోని నందనా కోట (నేడు పాకిస్తాన్‌లో ఉంది) దగ్గరి కొండను ఎంచుకున్నారు. శిఖరానికి సరిగ్గా కింద ఉండే బిందువు కొండ గర్భంలో ఉంటుంది. అక్కడికి తాడు వేసి కొలవలేం. కాబట్టి ఎదుటి మైదానంలో ఒకే సరళరేఖపై రెండు చోట్ల నిలబడి శిఖరం కనిపించే కోణాలు చూశారు. ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని కొలిచారు. ఈ మూడింటితో కొండ ఎత్తు తేలింది: 652 మూరలకు కొంచెం పైగా. అదే లెక్కతో కొండ లోపలి నేలమట్టపు దూరం కూడా తేల్చవచ్చు. తర్వాత శిఖరమెక్కి, దిగంతం 34 నిమిషాల కోణంలో కిందికి వంగి ఉందని గమనించారు. ఎత్తు, ఈ కోణం కలిపి భూమి వ్యాసార్ధాన్ని లెక్కించారు. పాత కొలతకు అది దగ్గరగానే వచ్చింది.

ఆయన గజ్నీలోనే 1048 ప్రాంతంలో కన్నుమూశారు. యాఖూత్ నమోదు చేసిన కథనం ప్రకారం, మరణశయ్యపై ఉండి కూడా పరామర్శకు వచ్చిన ధర్మవేత్తను వారసత్వ వాటాల గురించి ఒక సమస్య అడిగారు. ఈ స్థితిలోనా అని ఆయన సంకోచిస్తే, తెలియక పోవడం కన్నా తెలుసుకుని పోవడమే మేలన్నారు. జవాబు విని కంఠస్థం చేసుకున్నారు. అతిథి వీధిలోకి వెళ్ళాడో లేదో, ఇంట్లోంచి ఏడ్పులు వినిపించాయి.

సోదర సోదరీమణులారా! మన పిల్లల చేతిలోని గణిత పుస్తకాన్ని ధర్మానికి పరాయిదిగా చూడకండి. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.