జీవమునిచ్చు బడి: గ్రుంట్విగ్ గారి జీవితము

చదువవలసిన భాగము: ద్వితీయోపదేశకాండము 6:4–9



దేవుని ఆజ్ఞలను పిల్లలకు ఎక్కడ నేర్పవలెనని మోషే చెప్పెనో ఈ భాగములో చూడుడి. ఇంటి వసారాలోను, పొలము దారిలోను, పడుకొనబోవు వేళను, తెల్లవారిన వేళను నేర్పవలెననియే ఆయన భావము. గంట కొట్టెడి బడి ఒక్కటే బడి కాదు. ఈ సత్యమును ఒక దేశమునకు నేర్పిన సంఘకాపరి చరిత్రను ఈ నెల ధ్యానింతము.

ఐరోపా ఖండపు ఉత్తర భాగమున డెన్మార్కు అను చిన్న దేశమున్నది. 1706లో తరంగంబాడికి చేరిన జీగెన్‌బల్గు గారిని పంపినది ఆ దేశపు రాజే. అక్కడ ఊద్బీ అను పల్లెలో, ఒక కాపరి యింట 1783 సెప్టెంబరు 8న గ్రుంట్విగ్ జన్మించెను. తల్లియొద్ద అక్షరములు నేర్చెను. ఆ యింటనున్న మలేన్ అను వృద్ధ పరిచారికవలన పాటలును కథలును వినెను. గొప్ప పండితుడైన పిమ్మటను, తనకు మాతృభాష నేర్పిన గురువు ఆమెయే అని ఆయన ఒప్పుకొనెను.

1798లో ఆర్హుస్ పట్టణపు లాటిను పాఠశాలలో చేరెను. అక్కడ వ్యాకరణమును వల్లించుటయే చదువు. రెండేండ్లలో ఆ బాలుని ఉత్సాహము చల్లారిపోయెను. అట్టి బడి జీవమునకు కాక మరణమునకే సిద్ధపరచునని తరువాతి కాలమున ఆయన వ్రాసెను. అయినను పుస్తకములను ద్వేషించలేదు. 1803లో వేదాంత పరీక్షలో ఉత్తీర్ణుడై, పిదప కాపరి యాయెను.

1825లో ఒక వేదాంతాచార్యుని బోధను ఖండించుచు పుస్తకము వ్రాసినందున న్యాయస్థానము ఆయనకు జరిమానా విధించెను. ఆయన వ్రాతలన్నియు అధికారుల తనిఖీ క్రిందికి వచ్చెను. 1826లో కాపరి పని విడిచిపెట్టెను. నోరు కట్టబడిన ఆ దినములలోనే దేవుడు ఆయన కన్నులు తెరచెను. 1829 మొదలు 1831 వరకు మూడు వేసవులు ప్రాచీన గ్రంథములు చూచుటకు ఇంగ్లాండు వెళ్లెను. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గురుశిష్యులు కలిసి భుజించుచు సంభాషించుట చూచెను. ఇట్టి సహవాసము గొప్పవారి కుమారులకే గాక సేద్యగాండ్ర పిల్లలకు ఎందుకు ఉండరాదని ఆలోచించెను.

ఆయన కోరిన బడి యెట్టిది? యౌవనస్థులు గురువులతో కలిసి నివసించవలెను. మాతృభాషలో దేశచరిత్ర వినవలెను, పాటలు పాడవలెను, ప్రశ్నలు అడుగవలెను. పరీక్ష లేదు, పట్టా లేదు. గురువు శిష్యునివలన కూడ నేర్చుకొనవలెను. వ్రాసిన అక్షరముకంటె నోటినుండి వెడలు సజీవమైన మాటకే ఆయన పెద్దపీట వేసెను.

సోరో అను చోట ఇట్టి బడి స్థాపించుటకు రాజు ఒప్పుకొనెను గాని 1848లో ఆ రాజు మరణించగా ఆ యేర్పాటు నిలిచిపోయెను. గ్రుంట్విగ్ కోరిన బడి సోరోలో లేవలేదు. అయినను విత్తనము ఇతరుల పొలములో మొలిచెను. అంతకుముందే 1844లో రోడింగ్ గ్రామమున మొదటి ప్రజాపాఠశాల తెరవబడియుండెను. 1851లో చెప్పులు కుట్టువాని కుమారుడైన క్రిస్టెన్ కోల్డ్ మరియొకటి తెరచి, శిష్యులతో కలిసి నివసించెను. పొలము పనులు తక్కువైన చలికాలమున యువకులు వచ్చిరి. తరువాత వేసవిలో యువతులును వచ్చిరి. 1864 యుద్ధములో డెన్మార్కు ఓడి, విశాలమైన భూభాగమును పోగొట్టుకొనిన పిమ్మట ఇట్టి బడులు ఊరూర లేచెను. 1882లో మొదటి సహకార పాల సంఘము పుట్టెను. అట్టి సంఘములను నడిపిన రైతులలో అనేకులు ఈ బడులలో కూర్చున్నవారే.

గ్రుంట్విగ్ సుమారు 1,500 కీర్తనలు రచించెను. 1839 మొదలు వార్టోవ్ ఆలయమున కాపరిగా నుండి, 1872 సెప్టెంబరు 1న ఆదివారము ప్రసంగించి, మరునాడు ప్రభువునందు నిద్రించెను.

సహోదరులారా, నా తప్పు ఒకటి ఒప్పుకొందును. మా సంఘములో ఒక చిన్నవాడు పదవ తరగతి తప్పి, సిగ్గుచేత ఆరాధనకు వచ్చుట మానెను. వానికి చదువు అబ్బలేదని నేనును అంటిని. ఒకనాడు మందిరపు నీళ్ల మోటారు చెడిపోగా ఆ చిన్నవాడే వచ్చి విప్పి బాగుచేసెను. ఎవరు నేర్పిరి నాయనా అని అడుగగా, మేనమామ ప్రక్కన నిలిచి నేర్చుకొంటినని చెప్పెను. ఆ దినమున తల వంచుకొనవలసినవాడను నేనే.

కాబట్టి పిల్లలను బడికి తప్పక పంపుడి. అయితే బడి తప్పిన బిడ్డను జీవితము తప్పినవానిగా ఎంచకుడి. కోతలు ముగిసిన తరువాత వారమునకు రెండు సాయంత్రములు మందిరము తెరచి ఉంచుడి. విత్తనము తెలిసిన పెద్దలు, కుట్టుపని తెలిసిన తల్లులు, లెక్కలు తెలిసిన యువకులు వచ్చి చెప్పుదురు గాక. వాక్యము చదువుకొందురు గాక. అక్కడ మార్కులు వేయువారు ఎవరును ఉండకూడదు.

ప్రార్థన: ప్రభువా, వడ్రంగి యింట పెరిగినవాడా, మేము త్రోసివేసిన బిడ్డలను నీ కన్నులతో చూచుటకు మాకు నేర్పుము. ఆమేన్.