బొమ్మల కథకు పుట్టినరోజు ఏది?

పాత బొమ్మల పుస్తకం ఏదైనా చేతికిస్తే పిల్లలు ముందుగా అడిగేది, ఇది ఎప్పటిదని. మనం అట్ట తిరగేసి, అక్కడ అచ్చయిన నెలో సంవత్సరమో చూసి చెప్పేస్తాం. చాలాసార్లు అది సరిపోతుంది. కొన్నిసార్లు సరిపోదు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద 1938 జూన్ అని ఉంటుంది. అది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది మాత్రం ఏప్రిల్ 18న. అట్ట మీద ముందు నెల ఉంటే దుకాణదారు ఆ సంచికను పాతదని తీసేయకుండా మరికొన్నాళ్లు ఉంచుతాడని ప్రచురణకర్తలు అలా వేసేవారు. అట్ట చెప్పే తేదీ ఒకటి, పాఠకుడి చేతికి అందిన తేదీ మరొకటి.

దాదాపు నూరేళ్ల ముందు జెనీవా నగరంలో ఇలాంటి చిక్కే ఒకటి పుట్టింది. అక్కడ తేడా నెలల్లో కాదు, ఏళ్లలో ఉంది. ఆ పుస్తకాలు గీసింది ఒక బడిపంతులు. పేరు రొడాల్ఫ్ టోప్ఫర్. వరుస బొమ్మలతో కథ చెప్పే పుస్తకాలకు ఆద్యుడని చాలామంది చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకునేది ఆయన్నే. ఈ వారం ఆయన జీవితం చెప్పుకుందాం.

టోప్ఫర్ 1799 జనవరి 31న జెనీవాలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు ఫ్రాన్సు ఏలుబడిలో ఉంది. స్విట్జర్లాండులో చేరింది 1815లో. వాళ్ల కుటుంబం జర్మన్ నేల నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. ఇంటిపేరు జర్మన్, చదువూ రాతా ఫ్రెంచి. ఇలాంటి ఇళ్లు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పనక్కర్లేదు. తండ్రి వోల్ఫ్‌గాంగ్ ఆడమ్ పేరున్న చిత్రకారుడు. కొడుకు కూడా ఆ దారిలోనే నడవాలనుకున్నాడు. కంటి జబ్బు అడ్డొచ్చింది. రంగులతో పెద్ద చిత్రాలు వేసే ఆశ వదులుకోవాల్సి వచ్చింది.

1819లో పారిస్ వెళ్లి చదువుకుని, మరుసటి ఏడాది తిరిగొచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1823లో పెళ్లయింది. భార్య తెచ్చిన సొమ్ము ఆసరాగా 1824లో మగపిల్లల కోసం ఒక వసతి పాఠశాల తెరిచారు. వేరే దేశాల పిల్లలు కూడా అక్కడ ఉండి చదువుకునేవారు. సెలవుల్లో వాళ్లను వెంటబెట్టుకుని ఆల్ప్స్ కొండల్లో రోజుల తరబడి కాలినడకన తిప్పేవారు. తిరిగొచ్చాక ఆ ప్రయాణం గురించి బొమ్మలతో ఒక పుస్తకం తయారయ్యేది. వాటిలో కొన్నింటిని కూర్చి 1844లో పారిస్‌లో అచ్చు వేశారు. వంకరటింకర ప్రయాణాలు అని దాని పేరుకు అర్థం.

బొమ్మల కథలు ఆ బడిలోనే మొదలయ్యాయి. సాయంత్రాలు పిల్లల మధ్య కూర్చుని కలంతో గబగబా గీసేవారు. గీతల చట్రాల్లో వరుసగా బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద చేతిరాతతో ఒకటి రెండు వాక్యాలు. 1827లో గీసిన మొదటి కథలో వ్యూబ్వా అనే పెద్దమనిషి ప్రేమలో పడి పడరాని పాట్లు పడతాడు. 1829లో ఫెస్టస్, 1830లో క్రిప్టోగామ్, 1831లో జాబో వచ్చాయి. వచ్చాయంటే చేతిరాత పుస్తకాలుగానే. చేతులు మారుతూ మిత్రుల ఇళ్లకు వెళ్లేవి.

అలా వెళ్లిన కొన్ని పుస్తకాలు జర్మనీలోని వైమర్ నగరంలో మహాకవి గోథే దాకా చేరాయి. జెనీవాకు చెందిన ఫ్రెడరిక్ సోరె అక్కడి రాచకుటుంబంలో పిల్లవాడికి చదువు చెప్పేవారు. 1830 చివర్లో, 1831 మొదట్లో ఆయనే వాటిని గోథేకు చూపించారు. ఎనభై దాటిన ఆ కవి వాటిని చూసి ఎంతో ఆనందించారని అప్పటి రాతలు చెబుతున్నాయి. ఫెస్టస్ కథ గోథే రాసిన ఫౌస్ట్ మీద ఒక వేళాకోళం కూడా. ఆ మెప్పు టోప్ఫర్‌కు ధైర్యాన్నిచ్చింది. మనకు మరో మేలు కూడా చేసింది. అచ్చుకు చాలా ముందే ఆ పుస్తకాలు ఉన్నాయనడానికి బయటివారి సాక్ష్యం దొరికింది. పాత పుస్తకాల కాలం తేల్చేవారు ఇలాంటి డైరీలు, ఉత్తరాల కోసమే వెతుకుతారు.

అచ్చు విషయంలో టోప్ఫర్ ఒక సులువు కనిపెట్టుకున్నారు. మామూలు రాతి అచ్చులో బొమ్మను రాయి మీద తిరగేసి గీయాలి, అక్షరాలు కూడా తిరగేసి రాయాలి. ఆయన ప్రత్యేకమైన కాగితం మీద జిడ్డు సిరాతో మామూలుగా గీసి, దాన్ని రాయి మీదికి దించేవారు. అచ్చులో తన గీత, తన చేతిరాత ఉన్నదున్నట్టు పడేవి. బొమ్మా మాటా ఒకే చేతి నుంచి రావడం ఈ పద్ధతి వల్లే కుదిరింది.

ఇక్కడే తేదీల చిక్కు మొదలవుతుంది. జాబో కథ గీసింది 1831లో. అచ్చయిన పుస్తకం మీద ఉన్నది 1833. పాఠకులకు అందింది 1835లో. రెండేళ్లు అది ఎందుకు ఆగింది? 1832లో టోప్ఫర్‌కు జెనీవా అకాడమీలో సాహిత్య ఆచార్యుడి పదవి వచ్చింది. నవ్వు పుట్టించే బొమ్మలు వేసే మనిషి అని తెలిస్తే పరువు ఏమవుతుందోనన్న జంకు వల్ల బయటపెట్టడానికి వెనకాడారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. మరి జాబో వయసు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి? మూడు సంవత్సరాలూ నిజమే. ఏది దేనికి తేదీ అన్నది చెప్పకపోతే మూడూ తప్పుదారి పట్టిస్తాయి.

జాబోకు ఆదరణ దొరికాక జంకు తగ్గింది. 1837లో వ్యూబ్వా, క్రెపాన్ కథలు అచ్చయ్యాయి. గీసిన పదేళ్లకు గాని వ్యూబ్వా వెలుగు చూడలేదు. క్రెపాన్ కథ మన ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ చదివితే నవ్వు ఆపుకోలేరు. పదకొండు మంది కొడుకులున్న ఒక తండ్రి వాళ్లకు చదువు చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరిని ఇంటికి తెస్తాడు. వచ్చిన ప్రతి పంతులుకూ తనదైన పద్ధతి, తనదైన పిచ్చి. పుర్రె మీది ఎత్తుపల్లాలు తడిమి పిల్లవాడి బుద్ధి చెప్పేవాడూ అందులో ఉంటాడు. ఆ ఏడాదే టోప్ఫర్ జాబో గురించి ఒక పత్రికలో వ్యాసం రాశారు. మాటలు తీసేస్తే బొమ్మలకు అర్థం పలచబడుతుందని, బొమ్మలు తీసేస్తే మాటలకు అర్థమే ఉండదని అందులో వివరించారు.

పేరొచ్చాక నకళ్లూ వచ్చాయి. 1839లో పారిస్‌లోని ఓబేర్ ప్రచురణ సంస్థ ఆయన అనుమతి లేకుండా మూడు పుస్తకాలకూ నకళ్లు గీయించి అమ్మింది. టోప్ఫర్ అదే ఏడాది వ్యూబ్వాను మళ్లీ గీసి, కొన్ని బొమ్మలు పెంచి రెండో ముద్రణ వేశారు. అందుకే ఈ పుస్తకం పాత ప్రతి దొరికితే తెలిసినవారు సంవత్సరం ఒక్కటే చూడరు. బొమ్మలు లెక్కపెడతారు, గీతను పోల్చి చూస్తారు. అది మొదటి ముద్రణో, రెండోదో, నకలో అలా తేలుతుంది.

పారిస్ నకలు ఆధారంగా 1841లో లండన్‌లో ఇంగ్లిషు పుస్తకం వచ్చింది. వ్యూబ్వా అక్కడ ఒబడయా ఓల్డ్‌బక్ అయ్యాడు. 1842 సెప్టెంబరు 14న న్యూయార్క్‌లోని బ్రదర్ జొనాథన్ వారపత్రిక అదే కథను ప్రత్యేక సంచికగా వేసింది. అమెరికాలో అచ్చయిన తొలి కామిక్ పుస్తకం ఇదేనని చాలామంది పరిశోధకులు అంటారు. అందులో టోప్ఫర్ పేరు లేదు. గీసిన పదిహేనేళ్లకు, సముద్రం దాటి, పేరు మారి, మనిషి మాయమై ఆ కథ అక్కడికి చేరింది.

1840లో పెన్సిల్, ఫెస్టస్ కథలు అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1845లో ముఖాల గీతల గురించి, బొమ్మలతో కథ చెప్పడం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. ఆ ఏడాది జనవరి నుంచి ఏప్రిల్ దాకా పారిస్ వారపత్రిక ఒకటి క్రిప్టోగామ్ కథను ధారావాహికగా వేసింది. ఆయన గీసిన బొమ్మలను చెక్క అచ్చు కోసం షామ్ అనే చిత్రకారుడు తిరిగి గీశారు. 1830 నాటి కథకు పదిహేనేళ్లకు మోక్షం కలిగింది. 1846 జూన్ 8న జెనీవాలో టోప్ఫర్ కన్నుమూశారు. వయసు 47.

తర్వాత లోకం ఆయన్ను చాలావరకు మరిచింది. 1890ల్లో న్యూయార్క్ పత్రికల్లో పసుపు చొక్కా కుర్రాడి బొమ్మలు వచ్చాయి. బొమ్మల కథల పుట్టుక అక్కడి నుంచే అని చాలాకాలం లెక్కపెట్టారు. 1995లో అమెరికా తపాలా శాఖ కామిక్ స్ట్రిప్ నూరేళ్ల పండుగకు బిళ్లలు కూడా విడుదల చేసింది. పత్రికల్లో వచ్చే స్ట్రిప్‌కు ఆ లెక్క సరిపోవచ్చు. బొమ్మల కథకే అది పుట్టినరోజు అంటే మాత్రం జెనీవా పంతులుకు అన్యాయం జరిగినట్టే. తేదీ పొరపడితే పోయేది అంకె ఒక్కటే కాదు, మనిషి పేరు.

ఈ మాట మన బడులకూ వర్తిస్తుంది. హోసూరులో, బరంపురంలో, బళ్లారిలో, షోలాపూర్‌లో, యానాంలో తెలుగువాళ్లు నడుపుకున్న బళ్ల చరిత్ర రాయాల్సి వచ్చినప్పుడు మనం ఏ తేదీ పట్టుకుంటాం? ఎవరింటి అరుగు మీదో నలుగురు పిల్లలతో మొదలైన రోజు ఒకటి ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు వచ్చిన రోజు ఒకటి, భవనం మీద చెక్కిన రోజు మరొకటి. శిలాఫలకం మీదిదే పుట్టినరోజు అనుకుంటే, అంతకు ముందు అరుగు మీద అక్షరాలు దిద్దించిన పంతులు గారు కథలోంచి జారిపోతారు. అందుకే మూడు తేదీలూ రాసి పెట్టుకుందాం, ఏది దేనిదో పక్కనే రాద్దాం. పిల్లల రాత పత్రిక మీద కూడా రాసిన రోజు, అచ్చయిన రోజు, పంచిన రోజు విడివిడిగా వేయిద్దాం. ఎవరు గీశారో వాళ్ల పేరూ వేయిద్దాం. పాత తేదీలు గుర్తున్న పెద్దలు మన ఊళ్లలో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లను ఈ సెలవుల్లోనే కలుద్దాం.