ఎడమకాలితో వ్రాసిన క్రిస్టీ బ్రౌన్

ఐర్లండు దేశమునకు రాజధానియైన డబ్లిన్ నగరమున 1932వ సంవత్సరము జూన్ 5వ తేదీన క్రిస్టీ బ్రౌన్ జన్మించెను. తండ్రి తాపీపనివాడు. ఆ తల్లి కన్న 22 మంది బిడ్డలలో 13 మంది మాత్రమే దక్కిరి.

నెలలు గడచినను ఈ శిశువునకు మెడ నిలువలేదు. కాలుసేతులు, నాలుక స్వాధీనములో లేవు. కండరములను నడపు మెదడుభాగము దెబ్బతినుటచే కలుగు ఈ స్థితిని సెరిబ్రల్ పాల్సీ అందురు. బిడ్డకు బుద్ధియు లేదని వైద్యులు తేల్చిరి. తల్లి ఆ మాట నమ్మలేదు. ఇంటిపనుల నడుమనే బొమ్మల పుస్తకము చూపుచు, కథలు చెప్పుచు, తక్కిన బిడ్డలతో సమముగా పెంచెను.

అయిదవ యేట ఒకనాడు క్రిస్టీ తన తోబుట్టువు చేతిలోని సుద్దముక్కను ఎడమకాలితో లాగుకొనెను. తల్లి నేలపై ఒక అక్షరము వ్రాసి చూపగా, మిక్కిలి శ్రమపడి దానిని తానును వ్రాసెను. లోపల దాగియున్న బుద్ధి ఆనాడు వెలికి వచ్చినది.

అనంతరము డాక్టరు రాబర్ట్ కాలిస్ ఇతని చికిత్సకును, రచనకును తోడ్పడెను. 1954లో 'నా ఎడమకాలు' అను ఆత్మకథయు, 1970లో ఒక నవలయు వెలువడెను. 1981 సెప్టెంబరు 7న, 49 ఏండ్ల వయసున బ్రౌన్ మరణించెను.

ఈ స్థితిగల బిడ్డలలో కొందరికి బుద్ధిమాంద్యము కూడ ఉండును, పెక్కుమందికి ఉండదు. కావున నడకను, మాటను చూచి బుద్ధిని కొలువరాదు. మన గ్రామమున అట్టి బిడ్డ ఉన్నచో, గ్రంథాలయమునకు నడచి రాలేడని విడువక, పుస్తకమునే ఆ బిడ్డ చెంతకు చేర్చుట మన ధర్మము.