గిడ్డంగి చిట్టా రాసుకున్న ప్రభువు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత విశేషాలు రాసి పంపవలసిందని కార్యదర్శి గారు కోరినప్పుడు, తక్కిన మిత్రులు గాంధీ గారిని గురించీ, విశ్వేశ్వరయ్య గారిని గురించీ రాస్తారని నాకు తెలుసు. నేను మాత్రం రెండు వందల ఏళ్ళ క్రితం కాలం చేసిన ఒక జపాను ప్రభువును ఎంచుకున్నాను. ఇదేం చోద్యమని అనుకోకండి. ముప్ఫై ఆరేళ్ళు స్టోర్స్ విభాగంలో స్టాకు రిజిస్టర్లతో కుస్తీ పట్టినవాడిని. సరుకు విలువ తెలిసి, దానిని లెక్క రాసి, భద్రపరచి, తరువాతి వానికి అప్పగించిన మనిషి కనబడితే నా మనసు అటే పోతుంది. ఆయన పేరు మత్సుదైరా హరుసాతో. లోకం ఆయనను ఫుమై ప్రభువు అంటుంది. ఫుమై అంటే మసక బారనిది అని అర్థం.

ఆయనతో నా పరిచయం 2012లో జరిగింది. మా అమ్మాయి, అల్లుడు అప్పుడు జపానులో ఉండేవారు. నేనూ, మా ఆవిడా వెళ్ళి మూడు నెలలు ఉన్నాము. ఒక సెలవు రోజున మమ్మల్ని మత్సుయె అనే ఊరికి తీసుకువెళ్ళారు. పడమటి సముద్రపు వైపున, షింజి అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న కోట ఊరు అది. అక్కడ గడ్డి కప్పు వేసిన చిన్న టీ కుటీరం ఒకటి ఉంది. దాని పేరు మెయిమెయి-అన్. 1779లో ఫుమై అభిరుచి ప్రకారం కట్టినదట. అక్కడ ఆకుపచ్చని పొడి కలిపిన టీని, పిడికిట్లో ఇమిడే మట్టి గిన్నెలో పోసి ఇచ్చారు. ఆ రుచి నాకు వేపాకు కషాయంలా తోచింది. మా ఆవిడ మాత్రం టీని వదిలేసి గిన్నెను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు పసుపు పచ్చని మెరుగు గల అటువంటి గిన్నె ఒకటి కొనిపించింది. అది ఆ సరస్సు పక్కనే ఉన్న ఫుజినా బట్టీలలో కాల్చినది. ఆ బట్టీలకు ఆదరణ ఇచ్చినవారిలో ఫుమై ముఖ్యుడు. అలా ఆయన మా ఇంటికి వచ్చాడు.

హరుసాతో 1751లో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో పుట్టాడు. 1767లో, పదహారేళ్ళ వయసులో, తండ్రి మునెనోబు తప్పుకోగా మత్సుయె సంస్థానానికి ఏడవ ప్రభువు అయ్యాడు. ఆ సంస్థానం రాబడి కాగితం మీద 1,86,000 కోకుల బియ్యం. ఒక కోకు అంటే ఒక మనిషి ఏడాది తిండి అని స్థూలంగా లెక్క. కాగితం మీద రాబడి ఘనమే గాని, ఖజానాలో మాత్రం చిల్లి గవ్వ లేదు. అప్పులు దాదాపు అయిదు లక్షల ర్యోలు. ర్యో అంటే ఆనాటి బంగారు నాణెం. కుర్ర ప్రభువుకు ఆ బరువు తలకెత్తారు.

అప్పుడు ఆయనకు అండగా నిలిచినవాడు అసాహి తంబా అనే మంత్రి. అరవై దాటిన వృద్ధుడు. ఖర్చు తగ్గించి, ఉద్యోగుల సంఖ్య కుదించి, అప్పులవాళ్ళతో మాట్లాడి దీర్ఘకాలపు వాయిదాలు పెట్టించాడు. ఔషధానికి వాడే జిన్సెంగ్ దుంపల సాగు, మైనపు చెట్ల పెంపకం వంటి రాబడి మార్గాలు సంస్థానంలో వృద్ధి చెందాయి. సాదా నదికి కాలువ తవ్వి వరద నీటికి దారి చూపారు. 1767 నుంచి ఏటేటా జమా ఖర్చులు రాసిన చిట్టా ఒకటి నేటికీ ఉంది. ఆ చిట్టా ప్రకారం ఆ అప్పు 1840 నాటికి గాని పూర్తిగా తీరలేదు. డెబ్భై మూడేళ్ళ వాయిదాలు! మన హౌసింగ్ లోను వాళ్ళు వింటే మూర్ఛపోతారు.

కుర్రవాడు పాలనలో వేలు పెట్టకుండా టీ, జెన్ ధ్యానం అంటూ కాలక్షేపం చేయడమే మేలని పెద్దలు భావించి ఉంటారని కొందరు చరిత్రకారుల ఊహ. ఏదైతేనేం, ఆయన సెకిషూ సంప్రదాయంలో టీ విద్యను, ఎడోలోని తెన్షింజీ మఠంలో జెన్‌ను శ్రద్ధగా అభ్యసించాడు. 1770లో, పంతొమ్మిదేళ్ళకే, వృథా మాటలు అని అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న గ్రంథం రాశాడు. ఖరీదైన పాత్రలు పోగు చేసి గొప్పలు పోవడం టీ విద్య కాదని, ఉన్నదానితో తృప్తి పడటం నేర్పి దేశాన్ని పాలించడానికి సాయపడేదే అసలు టీ అని అందులోని సారాంశం.

ఇక్కడే కథలో మెలిక ఉంది. ఇంత చెప్పిన పెద్దమనిషి తరువాతి రోజుల్లో జపానులోకెల్లా పేరుమోసిన టీ పాత్రల సేకర్తలలో ఒకడయ్యాడు. టీ పొడి పోసుకునే చిన్న మట్టి కూజాను చాయిరె అంటారు. మన పెద్దవాళ్ళ సున్నపు కాయ కన్నా కొంచెం పెద్దది, అంతే. చైనాలో తయారై ఎన్నో తరాల ముందే జపాను చేరిన అబురాయా అనే అటువంటి కూజా ఒక్కదానికి 1500 ర్యోలు పోశాడు. కిజాయెమొన్ అనే టీ గిన్నెకు 1775 ప్రాంతంలో 550 ర్యోలు ఇచ్చాడు. అది కొరియాలో పేరు తెలియని కుమ్మరి చేసిన మామూలు గిన్నె. అప్పు ఇంకా తీరని సంస్థానానికి ప్రభువు చేయవలసిన పనేనా ఇది? ఆడిట్ వారికి దొరికితే నాలుగు పేజీల అభ్యంతరం రాసేవారు. ఈ విషయంలో నేను ఆయనను వెనకేసుకు రాను. ఆ బియ్యం పండించిన రైతుల చెమటే ఆ కూజా ధర.

అయితే కొన్న తరువాత ఆయన చేసిన పని చూసినప్పుడు నా అభిప్రాయం కొంత మెత్తబడింది. సరుకు కొని బీరువాలో పెట్టి తాళం వేసే జాతి కాదు ఆయనది. 1789 నుంచి 1797 వరకు పద్ధెనిమిది సంపుటాలలో ప్రసిద్ధ టీ పాత్రల జాబితా ప్రకటించాడు. తన వస్తువులే కాదు, ఇతర ప్రభువుల దగ్గర, వర్తకుల దగ్గర ఉన్నవి కూడా అందులో చేర్చాడు. పాత్ర బొమ్మ, కొలతలు, దాని పట్టు సంచి ఏ గుడ్డతో కుట్టినది, ఎవరి దగ్గర ఉన్నది, అన్నీ రాశాడు. పైగా పుస్తకం మీద సొంత పేరు వేసుకోకుండా మారుపేరు పెట్టుకున్నాడు. అంతకు ముందు ఇలాంటి వివరాలు ఇంటి గుట్టుగా ఉండేవి. అచ్చులోకి వచ్చిన తరువాత, ఏ నిప్పు ప్రమాదంలోనో వస్తువు పోయినా దాని ఆనవాలు మిగులుతుంది. ఎడో నగరం అగ్ని ప్రమాదాలకు పెట్టింది పేరు.

జపాను మట్టి పనితనాన్ని కూడా ఆయన చిన్నచూపు చూడలేదు. నగోయా దగ్గరి సెతో బట్టీలలో చేసిన గోధుమ రంగు చాయిరెలను తరాల వారీగా, బట్టీల వారీగా విడదీసి పరిశీలించాడు. 1811లో సెతో మట్టి పాత్రల పుట్టుపూర్వోత్తరాల మీద విడిగా ఒక గ్రంథమే రాశాడు. సొంత ఊరిలో రకుజాన్ బట్టీ కుమ్మరులను, లక్క పనివారిని, కొబయాషి జోదెయి అనే వడ్రంగిని పైకి తెచ్చాడు. తన సేకరణకు రాసుకున్న చిట్టాలో పాత్రలను నిధి మొదలుకొని సామాన్యం దాకా తరగతులుగా విభజించాడు. అది చదివినప్పుడు మా సెక్షన్‌లోని ఎ, బి, సి వర్గీకరణ గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

పాత్రలను కాపాడే పద్ధతి మరీ విశేషం. చాయిరెకు దంతపు మూత, మూత లోపల బంగారు రేకు. పైన పాత పట్టుగుడ్డతో కుట్టిన సంచి. దానికొక కర్ర పెట్టె, ఆ పెట్టెకు మరో పెట్టె. ఈ పెట్టెలు ఎక్కువగా కిరి అనే తేలిక చెట్టు కర్రతో చేస్తారు. ఆ కర్ర వానల్లో చెమ్మకు ఉబ్బి సందులు మూసుకొని లోపలి వస్తువును కాస్తుంది. పెట్టె మూత మీద ఫుమై స్వయంగా పేరు రాసేవాడు. ఆయన చేతి రాత ఉన్న పెట్టెకే నేడు ప్రత్యేక గౌరవం. ఎడోకు, మత్సుయెకు మధ్య ఏటా సాగే ప్రయాణాలలో అబురాయా కూజాను ప్రత్యేకమైన మోత పెట్టెలో తన వెంటే తీసుకువెళ్ళేవాడని చెబుతారు.

1806లో, యాభై అయిదేళ్ళకు, ఫుమై పదవీ విరమణ చేశాడు. యాభై అయిదు అనగానే మన సభ్యులలో కొందరికి 1983 గుర్తుకు రాక మానదు. ఆయనది మాత్రం స్వచ్ఛంద విరమణ. ఎడో శివార్లలోని ఒసాకి తోటలో పదకొండు టీ కుటీరాలు కట్టించుకొని, అతిథులను పిలిచి, అపురూపమైన ఆ పాత్రలలోనే టీ పోసి ఇస్తూ పన్నెండేళ్ళు గడిపాడు. పెట్టెలు తెరిచాడు, పాత్రలు వాడాడు, కడిగించాడు, ఆరబెట్టించి మళ్ళీ పెట్టెల్లో పెట్టించాడు. తన తరువాత అబురాయాను, చైనా జెన్ గురువు ఎంగో చేతిరాతను శాశ్వతంగా జాగ్రత్త చేయమని కొడుకు గెత్తన్‌కు 1811లో లిఖితపూర్వకంగా అప్పగింతలు రాశాడు. 1818లో కిజాయెమొన్ గిన్నెను కూడా అప్పగించి, ఆ ఏడే ఒసాకిలో కన్ను మూశాడు. మత్సుయెలోని గెష్షోజీ మఠంలో ఆయన సమాధికి ఉన్న ద్వారం మీద జోదెయి చెక్కిన ద్రాక్ష తీగను నేను చూశాను.

అప్పగింత ఎంత గట్టిగా రాసినా కాలం తన పని తాను చేస్తుంది. కిజాయెమొన్ గిన్నె దగ్గర ఉన్నవారికి కురుపులు లేస్తాయని ఒక నమ్మకం ఉండేది. ఫుమైకి, తరువాత గెత్తన్‌కు కురుపులు రావడంతో ఇంటివారు భయపడి 1822లో దానిని క్యోటోలోని దైతోకుజీ మఠానికి చెందిన కొహోఅన్‌కు సమర్పించారు. 1931లో యనగి మునెయోషి అనే కళాపండితుడు అక్కడ దానిని చూడబోతే, ఒక పెట్టెలో ఇంకొకటిగా అయిదు పెట్టెలు తెరవవలసి వచ్చిందట. ఇప్పుడది జపాను జాతీయ నిధి. అబురాయా టోక్యోలోని హతకెయామా మ్యూజియంలో ఉంది. ఒసాకి తోట మాత్రం 1853లో అమెరికా నౌకలు వచ్చినప్పుడు తీర రక్షణ ఏర్పాట్లకు పోయింది. కట్టడాలు పోయాయి, పాత్రలు మిగిలాయి. చిట్టా ఉన్నందువల్ల అవి ఎక్కడున్నా ఫుమై పాత్రలుగానే గుర్తింపు పొందుతున్నాయి.

ఇక నా సంగతి. 2016లో మా ఆవిడ కాలం చేసింది. ఆ పసుపు గిన్నెను చూడలేక, కడిగి, తడి సరిగా ఆరకుండానే పాలిథీన్ కవరులో చుట్టి బీరువా అడుగున పెట్టేశాను. వానాకాలం పోయాక తీస్తే ముక్క వాసన. మెరుగులోని సన్నని నెరియల వెంట నల్లగా బూజు పాకింది. ముప్ఫై ఆరేళ్ళు చెమ్మ తగిలిన సరుకు మీద రిమార్కులు రాసిన చేయి నాది. ఆ రోజు నా మీద నేనే రిమార్కు రాసుకున్నాను. అప్పుడు పట్టుదలతో ఫుమై కథంతా తెప్పించుకొని చదివాను. మా అమ్మాయి చదివి అర్థం చెప్పింది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న జాగ్రత్తలు ఇంట్లో మట్టి పాత్రలున్న మిత్రులకు పనికి వస్తాయని రాస్తున్నాను. వాడే ముందు గిన్నెను కాసేపు గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. మట్టి ముందే నీరు పీల్చుకుంటే టీ మరక లోపలికి అంతగా దిగదు. సబ్బు, పీచు తగలనివ్వకూడదు. వాసన పట్టుకుంటుంది, మెరుగు గీసుకుపోతుంది. వేడి నీటితో, చేత్తో కడిగితే చాలు. ముఖ్యంగా అడుగున మెరుగు లేని పాదం చాలా ఆలస్యంగా ఆరుతుంది. నీడలో, గాలి తగిలే చోట బోర్లించకుండా పక్కకు ఒరిగించి నాలుగైదు రోజులు ఉంచాలి. ఆ తరువాతే నూలు గుడ్డలో చుట్టి కర్ర పెట్టెలో పెట్టాలి. ప్లాస్టిక్ పనికిరాదు. ఉంగరం తీసి, రెండు చేతులతో, బల్లకు దగ్గరగా పట్టుకోవాలి. పాల టీ మాత్రం పోయవద్దు, పాల వాసన నెరియలలో నిలిచిపోతుంది. ఒకవేళ పగిలితే పారేయకండి. జపాను వారు లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి అద్ది మళ్ళీ వాడుకుంటారు.

మా గిన్నె బూజు చాలా వరకు పోయింది గాని, ఒక పక్క నల్లని చార మిగిలింది. దానిని పోగొట్టాలని ఇప్పుడు ప్రయత్నించడం లేదు. ప్రతి ఆదివారం ఉదయం అందులో పచ్చ టీ తాగుతున్నాను. డాక్టరు గారు పంచదార మానమన్నారు గనుక చేదు కూడా అలవాటైంది. పెట్టెలో ఒక కాగితం పెట్టాను. ఎక్కడ కొన్నది, ఎవరు ఎంచినది, ఎలా కడగాలి, ఆ చార ఎవరి తప్పు వల్ల వచ్చింది, నా తరువాత ఎవరికి చేరాలి అన్నీ రాశాను. మా మనవరాలి పేరు రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. సర్వీసులో వేల ఇష్యూ వోచర్ల మీద సంతకం చేశాను గాని, చేయి వణికింది దీని మీదనే.

మిత్రులారా, మన ఇళ్ళల్లో కూడా అమ్మ వాడిన కంచు గిన్నె, నాన్నగారి చెంబు ఎక్కడో అటక మీద ఉండే ఉంటాయి. ఫుమై కొన్నంత ధర పెట్టి మనం కొననక్కర లేదు, కొనలేము కూడా. ఉన్నదానిని దించి, వాడి, దాని కథ ఒక కాగితం మీద రాసి పెడదాం. పిల్లలకు వస్తువుతో పాటు ఆ కాగితం కూడా దొరకాలి.

సెలవు.

— ఒక విశ్రాంత సభ్యుడు, స్టోర్స్ విభాగం