ఉక్కును శుద్ధి చేసిన గుమాస్తా

రైలు పట్టా ఉత్త ఇనుము కాదు. ఇనుములో కొద్దిపాటి కార్బన్ కలిసిన ఉక్కు అది. అంటే ఒక మిశ్రలోహం. కరిగిన పోత ఇనుములోకి గాలి ఊది, అరగంట లోపే ఉక్కు తయారుచేసే పద్ధతిని 1856లో హెన్రీ బెస్సిమర్ ఇంగ్లండులో ప్రకటించాడు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఇనుములో భాస్వరం ఉంటే ఆ ఉక్కు పెళుసుబారి, చలికి పటుక్కున విరిగేది. ఐరోపాలో దొరికే ముడి ఇనుములో చాలా భాగం భాస్వరం కలిసినదే. ఇరవై ఏళ్లపాటు ఎందరో నిపుణులు ప్రయత్నించినా దానిని తొలగించలేకపోయారు. తొలగించినవాడు ఒక కోర్టు గుమాస్తా!

సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ 1850 ఏప్రిల్ 16న లండన్‌లో జన్మించాడు. తండ్రి మరణంతో చిన్న వయసులోనే సంపాదన బాధ్యత మీద పడింది. పోలీసు కోర్టులో గుమాస్తాగా చేరాడు. పగలంతా దొంగతనాలు, తగాదాల కేసులు రాసుకొనేవాడు. సాయంకాలం బిర్క్‌బెక్ విద్యాసంస్థలో రసాయన శాస్త్ర పాఠాలు వినేవాడు. భాస్వరం చిక్కును విప్పినవాడికి అదృష్టం పండుతుందని అక్కడ ఒక ఉపాధ్యాయుడు చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుంది.

ఆలోచించగా కారణం తెలిసింది. బెస్సిమర్ కొలిమి లోపలి గోడలు ఇసుకరాతివి. ఇసుకది ఆమ్ల స్వభావం. భాస్వరం కాలితే వచ్చేదీ ఆమ్ల స్వభావం గలదే. రెండూ కలవవు. నిలవడానికి చోటు లేక భాస్వరం మళ్లీ ఇనుములోకే చేరుతుంది. గోడకు సున్నం జాతి రాయి పెట్టి, లోపల సున్నం వేస్తే? వేల్స్‌లో ఇనుప కర్మాగారంలో రసాయనికుడైన తన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్ సాయంతో ఆయన ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1878 మార్చిలో ఇనుము, ఉక్కు నిపుణుల సభలో లేచి, భాస్వరాన్ని తొలగించగలిగామని చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు.

1879 ఏప్రిల్ 4న మిడిల్స్‌బరో పట్టణంలో పెద్ద కొలిమిలో ప్రయోగం విజయవంతమైంది. ఇక్కడ ఒక విశేషం గమనించండి. కొలిమిలో చర్యలన్నీ ఒకే వేగంతో సాగవు. మొదట సిలికాన్ కాలుతుంది, తరువాత కార్బన్. కార్బన్ అయిపోగానే కొలిమి మూతి దగ్గరి మంట పడిపోతుంది. గాలి ఆపడానికి అంతవరకు కార్మికులకు అదే గుర్తు. కాని అప్పటికి భాస్వరం చాలావరకు ఇనుములోనే ఉంటుంది! మరికొన్ని నిమిషాలు ఊదితేనే అది కాలి సున్నంలో కలుస్తుంది. మరీ ఎక్కువసేపు ఊదితే ఇనుమే కాలిపోతుంది. నైపుణ్యమంతా ఆ కొద్ది నిమిషాలలోనే ఉంది.

ఆ సంవత్సరమే ఆయన కోర్టు ఉద్యోగం మానేశాడు. భాస్వరం పట్టిన సున్నపు చిట్టాన్ని పొడిచేస్తే పొలాలకు మంచి ఎరువైంది. ఈనాడు రూర్కెలాలో, విశాఖపట్నంలో కొలిమిలోకి గాలికి బదులు ఆక్సిజన్ ఊదుతారు. భాస్వరాన్ని పట్టడానికి ఇప్పటికీ సున్నమే వేస్తారు.

రాత్రింబవళ్ల శ్రమకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. దూరదేశాలు తిరిగినా ఆరోగ్యం కుదుటపడలేదు. 1885 ఫిబ్రవరి 1న పారిస్‌లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్లు. తల్లికి, సోదరికి పోగా మిగిలిన ఆస్తిని శ్రమజీవుల మేలుకు ఖర్చు చేయాలని కోరాడు. సోదరి లిలియన్ ఆ పని నెరవేర్చింది.